లినక్స్ కంప్యూటర్ మొరాయిస్తే: పార్టు కోసం బండెక్కేముందు ఇంట్లో చేయాల్సిన పరీక్షలు

ఒడిశాలోని గుణుపురంలోనో రాయగడలోనో కంప్యూటర్ ఆగిపోతే మౌస్, కీబోర్డు లాంటివి ఊళ్లోనే దొరుకుతాయి. పాత డెస్క్‌టాప్‌కి సరిపడే ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా), డీడీఆర్3 రకం ర్యామ్ కావాలంటే చాలాసార్లు బరంపురమో విశాఖపట్నమో పోవాలి. ఒక రోజు పోతుంది. తప్పు పార్టు తెస్తే రెండో రోజూ పోతుంది. కాబట్టి ఇక్కడ బిగించడం, విప్పడం కంటే చెడిందేమిటో తేల్చడానికే ఎక్కువ చోటిచ్చాం.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మద్దతు ఆగిపోయాక చాలామంది పాత మిషన్లలో లినక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ వేసుకున్నారు. కింది వివరాలన్నీ ఆ రెంటికీ పనికొస్తాయి.

## 1. ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- 8 జీబీ లేదా అంతకన్నా పెద్ద పెన్‌డ్రైవ్, దానిలో లినక్స్ మింట్ లైవ్, అంటే డిస్క్‌లో వేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్ (పెన్‌డ్రైవ్‌లో ముందున్నదంతా చెరిగిపోతుంది)
- స్టార్ స్క్రూడ్రైవర్, మామూలు టెస్టర్
- డిజిటల్ మల్టీమీటర్, చవకదైనా చాలు
- పెన్సిల్ చెరిపే తెల్ల రబ్బరు, 2 అంగుళాల కొత్త పెయింటు బ్రష్
- డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే ఒక సాటా కేబుల్, ఒక సీఆర్2032 బటన్ సెల్లు (రెండూ చవకే, ఇంట్లో ఉంచుకోండి)
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా, థర్మల్ పేస్ట్ చిన్న ట్యూబు
- ఫోను, డేటా కేబుల్
- కాగితం, పెన్ను

చివరిదాన్ని తేలిగ్గా తీసేయకండి. ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఏం మార్చారో, ఏమైందో రాసుకోవాలి. ర్యామ్, కేబుల్, ప్లగ్గు మూడూ ఒకేసారి మార్చాక పనిచేస్తే, చెడింది ఏదో ఎప్పటికీ తెలియదు.

పెన్‌డ్రైవ్‌ని కంప్యూటర్ బాగున్న రోజునే తయారు చేసుకోండి. మింట్‌లో యూఎస్‌బీ ఇమేజ్ రైటర్ ఉంటుంది. విండోస్ మిషన్‌లో అయితే రూఫస్ వాడొచ్చు. దించుకున్న మింట్ ఫైలు చెక్‌సమ్ (ఫైలు చెడకుండా దిగిందో లేదో పోల్చుకునే అంకెల వరస) సరిపోయిందో లేదో చూశాకే పెన్‌డ్రైవ్ మీద రాయండి. సిగ్నల్ సరిగా లేని ఊళ్లలో మూడు జీబీల ఫైలు సగంలో తెగి, పూర్తయినట్టు కనిపించడం మామూలే.

ఆదేశాలు చదివే పద్ధతి. టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) కొట్టాల్సినవాటిని ఇక్కడ అక్షరాల పేర్లతో రాశాం. ‘డీ-ఎం-ఈ-ఎస్-జీ’ అంటే ఆ అయిదు ఇంగ్లిష్ చిన్న అక్షరాలనీ వరసగా, మధ్యలో ఏమీ లేకుండా కొట్టాలి. ఎడం రావాల్సిన చోట ‘ఖాళీ’ అని, అడ్డగీత రావాల్సిన చోట ‘మైనస్’ అని, ముందుకు వాలిన గీత రావాల్సిన చోట ‘స్లాష్’ అని ఉంటుంది. ‘సుడో’ అంటే ఎస్-యూ-డీ-ఓ. దాని తర్వాత పాస్‌వర్డ్ అడుగుతుంది. కొడుతున్నప్పుడు తెరమీద చుక్కలు కూడా పడకపోవచ్చు, కొట్టి ఎంటర్ నొక్కండి. ఊళ్లో ఉన్న తమ్ముడికి ఫోన్లో చెప్పడానికీ ఇదే వీలైన పద్ధతి.

## 2. ఎక్కడ ఆగింది?

- బటన్ నొక్కితే లైటు లేదు, చప్పుడు లేదు: 3కి వెళ్లండి.
- ఫ్యాను తిరుగుతోంది, తెర నలుపు, లేదా బీప్‌లు: 4
- కంపెనీ లోగో వచ్చాక నల్లతెర: 9
- ‘ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్’ అనే మాట దగ్గర ఆగింది: 7
- పనిచేస్తూ చేస్తూ ఆగిపోతోంది, దానంతటదే రీస్టార్ట్ అవుతోంది: 5, ఆ తర్వాత 6, 8
- అంతా బాగుంది, వైఫైయో సౌండో లేదు: 9

## 3. కరెంటు

మన వైపు సగం ఫిర్యాదులు ఇక్కడే తేలిపోతాయి. డబ్బా విప్పడానికి తొందరపడకండి.

3.1 గోడ నుంచి మొదలుపెట్టండి. అదే ప్లగ్గులో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి. యూపీఎస్‌ని పక్కనపెట్టి కంప్యూటర్‌ని నేరుగా గోడ ప్లగ్గుకి కలపండి. అప్పుడు వెలిగితే తప్పు యూపీఎస్‌ది. 600 వీఏ యూపీఎస్‌లలో ఉండే 12 వోల్టుల సీల్డ్ బ్యాటరీ రెండు మూడేళ్లకు నీరసిస్తుంది. కరెంటు పోయిన క్షణంలోనే కంప్యూటరూ ఆగిపోతోందంటే మార్చాల్సింది బ్యాటరీనే, యూపీఎస్ మొత్తాన్ని కాదు.

3.2 వోల్టేజీ. ఇంటికి రావాల్సింది 230 వోల్టులు. పది శాతం అటూ ఇటూ, అంటే 207 నుంచి 253 దాకా మామూలు. బోరు మోటారు వేసినప్పుడే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోందా? అది లినక్స్ తప్పు కాదు, ర్యామ్ తప్పూ కాదు. వోల్టేజీ ఒక్కసారిగా కుంగుతోంది. ఆ లైను నుంచి కంప్యూటర్‌ని విడదీయించండి, లేదా మంచి బ్యాటరీ ఉన్న యూపీఎస్ పెట్టండి. గోడ ప్లగ్గులో వోల్టేజీ కొలవడం అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి.

3.3 ఎర్తింగ్. కంప్యూటర్ ఆన్‌లో ఉండగా డబ్బా వెనక, రంగు లేని ఇనుము మీద టెస్టర్ ఆనించండి. వెలిగితే ఎర్త్ సరిగా లేనట్టే. ముట్టుకుంటే జివ్వుమనేదీ అందుకే. అది సరిచేసేదాకా పెన్‌డ్రైవ్‌లు, ప్రింటరు తగిలించకండి. పోర్టులు కాలిపోయేది ఇలాంటి ఇళ్లలోనే. మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల అడాప్టర్ వాడడం ఇవాళే మానేయండి.

3.4 ఎస్ఎంపీఎస్. ముందు వెనకున్న చిన్న స్విచ్చి చూడండి. తుడుస్తుంటే చెయ్యి తగిలి ఆఫ్ అయి ఉండొచ్చు. అది సరిగ్గానే ఉంటే, ప్లగ్గు తీసి, మదర్‌బోర్డుకి వెళ్లే 24 పిన్నుల కనెక్టరూ, హార్డ్ డిస్క్, ఇతర కనెక్టర్లూ ఊడదీయండి. ఆ 24లో ఒకటే ఆకుపచ్చ తీగ ఉంటుంది. దాన్నీ, ఏదో ఒక నల్ల తీగనూ కాగితాల క్లిప్పుతో కలిపి, చెయ్యి తీసేశాక ప్లగ్గు పెట్టి ఆన్ చేయండి. ఫ్యాను తిరగాలి. మీటరు డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, నల్ల తీగకీ రంగు తీగలకీ మధ్య కొలవండి:

- పసుపు: 11.4 నుంచి 12.6
- ఎరుపు: 4.75 నుంచి 5.25
- నారింజ: 3.14 నుంచి 3.47
- ఊదా: 4.75 నుంచి 5.25 (క్లిప్పు లేకపోయినా రావాలి)

ఈ హద్దులు దాటితే ఎస్ఎంపీఎస్ మార్చాలి. హద్దుల్లో ఉన్నంత మాత్రాన పూర్తిగా మంచిదని కాదు. బరువు పడినప్పుడు కుంగేవీ ఉంటాయి. అనుమానం తీరకపోతే ఇంకో మిషన్‌లోని ఎస్ఎంపీఎస్ పెట్టి చూడడమొక్కటే దారి.

ఇక్కడ జాగ్రత్త: రీఫర్బిష్డ్‌గా కొన్న డెల్, హెచ్‌పీ ఆఫీసు మోడళ్లలో చాలావాటికి 24 పిన్నుల కనెక్టరే ఉండదు. 6 పిన్నులో 8 పిన్నులో ఉంటాయి, పైన చెప్పిన రంగులూ వర్తించవు. వాటికి క్లిప్పు పరీక్ష చేయకండి. కొన్ని డెల్ ఆప్టిప్లెక్స్‌లలో ఎస్ఎంపీఎస్ వెనకే పరీక్ష బటన్, పచ్చ లైటు ఉంటాయి. వెలిగితే కనీసం ప్రాణముందన్నమాట. ఇలాంటి మిషన్‌కి మామూలు ఎస్ఎంపీఎస్ కొనుక్కొచ్చి కనెక్టర్ కుదరక వెనక్కి ఇవ్వడం చాలా తరచుగా జరిగే తప్పు.

ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎప్పుడూ విప్పకండి. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది.

ల్యాప్‌టాప్ అయితే: ఛార్జర్ తీసేయండి. బ్యాటరీ ఊడివచ్చేదైతే అదీ తీయండి. పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. ఛార్జర్ మాత్రం పెట్టి ఆన్ చేయండి. చచ్చిపోయిందనుకున్న ల్యాప్‌టాప్‌లు దీనితోనే లేచిన సందర్భాలు చాలా.

## 4. ఫ్యాను తిరుగుతోంది, తెర నలుపు

ముందు మానిటర్ కేబుల్ ఎక్కడుందో చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ దానికే పెట్టాలి, మదర్‌బోర్డు పోర్టుకి కాదు. మానిటర్‌ని ఇంకో ల్యాప్‌టాప్‌కి కలిపి అది బతికుందో లేదో తేల్చుకోండి.

ఆ తర్వాత డబ్బా:

1. ప్లగ్గు తీయండి. పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి లోపల మిగిలిన కరెంటు పోగొట్టండి.
2. డబ్బా ఇనుమును చేత్తో ముట్టుకోండి. కొరాపుట్ చలికాలంలో ఉన్ని స్వెట్టర్ వేసుకుని ర్యామ్ ముట్టుకోకండి.
3. రెండు చివర్ల క్లిప్పులూ తెరిచి ర్యామ్ కర్రలు తీయండి.
4. బంగారు రంగు పళ్లను రబ్బరుతో ఒకే దిశలో మెల్లగా రుద్దండి. పొడిని బ్రష్‌తో దులపండి. నోటితో ఊదకండి, తుంపర పడుతుంది.
5. స్లాట్‌లోని దుమ్ము కూడా బ్రష్‌తో తీయండి.
6. ఒక్క కర్ర పెట్టి, రెండు వైపులా ‘టిక్’ మనేదాకా నొక్కండి. నాలుగు స్లాట్ల బోర్డులో ఒక్కటే పెడుతుంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది వాడతారు.
7. తెర రాకపోతే ఇంకో స్లాట్. ఆ తర్వాత ఇంకో కర్ర.

గోపాలపురం, ఛత్రపురం లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి ఈ పళ్ల మీద పొర కడుతుంది. వానాకాలం పోగానే ఒకసారి ఈ పని చేసుకోవడం మంచిది. పచ్చగా చిలుము పట్టి ఉంటే రబ్బరుతో కాకుండా ఐసోప్రొపైల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే పెట్టండి.

లోపలికి చూస్తున్నారు కాబట్టి వెనక ఖాళీ స్లాట్లకు రేకు మూతలున్నాయేమో గమనించండి. లేకపోతే బల్లులు, చీమలు దూరేది అక్కణ్నుంచే. ఎస్ఎంపీఎస్ దగ్గర ఒక బల్లి చచ్చిందంటే బోర్డు కూడా పోవచ్చు.

బీప్‌ల లెక్క ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. ఎన్ని, పొడుగా పొట్టా అని రాసుకుని మదర్‌బోర్డు మోడల్‌తో కలిపి వెతకండి.

తేదీ తప్పుతోందా? ఆన్ చేసిన ప్రతిసారీ ఏళ్ల వెనకటి తేదీ వస్తే బటన్ సెల్లు పోయింది. బ్రౌజర్ ఏ సైటు తెరిచినా సర్టిఫికెట్ తప్పు అనడం, అప్‌డేట్ కొడితే ‘రిలీజ్ ఫైలు ఇంకా చెల్లదు’ అనడం దీని లక్షణాలే. సెల్లు 3 వోల్టులు ఉండాలి. 2.8 కంటే తక్కువైతే మార్చేయండి. తేడా సరిగ్గా అయిదున్నర గంటలే అయితే మాత్రం సెల్లు బాగున్నట్టే. విండోస్, లినక్స్ రెండూ ఉన్న మిషన్‌లో గడియారాన్ని ఒకటి మన సమయంగా, ఇంకొకటి ప్రపంచ సమయంగా చదువుకోవడంవల్ల అలా వస్తుంది.

## 5. సాఫ్ట్‌వేరా, హార్డ్‌వేరా: లైవ్ పెన్‌డ్రైవ్, లాగ్

పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేస్తూ ఎఫ్12 తడుతూ ఉండండి. హెచ్‌పీ అయితే ఎఫ్9, కొన్నిటికి ఎస్కేప్. మెనూలో పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. ఇన్‌స్టాల్ నొక్కకండి, లైవ్‌లోనే ఉండండి.

అందులో అరగంట పని చేయండి. మీ బాధ లైవ్‌లోనూ కనిపిస్తే తప్పు హార్డ్‌వేర్‌ది, లేదా డ్రైవర్‌ది (హార్డ్‌వేర్‌ని లినక్స్ చేత నడిపించే సాఫ్ట్‌వేర్). లైవ్‌లో అంతా సాఫీగా ఉంటే తప్పు డిస్క్‌లోనో, డిస్క్ మీదున్న లినక్స్‌లోనో ఉంది. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఫార్మాట్ కొట్టించుకునేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

కంప్యూటర్ దానంతటదే ఆగిపోతుంటే, మళ్లీ ఆన్ చేశాక డిస్క్‌లోని లినక్స్‌లో ఇది కొట్టండి:

> జే-ఓ-యూ-ఆర్-ఎన్-ఏ-ఎల్-సీ-టీ-ఎల్ ఖాళీ మైనస్ బీ ఖాళీ మైనస్ 1 ఖాళీ మైనస్ ఈ

క్రితంసారి నడిచినప్పటి లాగ్ (లినక్స్ తనే రాసుకునే చిట్టా) చివరి వరసలు వస్తాయి. బయటికి రావడానికి ‘క్యూ’. వాటిని ఇలా చదవండి:

- షట్‌డౌన్ మాటలేవీ లేకుండా వాక్యం మధ్యలో కత్తిరించినట్టు ఆగిపోయింది: కరెంటు, ఎస్ఎంపీఎస్ లేదా వేడి.
- చివర్లో ‘ఐ/ఓ ఎర్రర్’, ‘హార్డ్ రీసెట్టింగ్ లింక్’: డిస్క్ లేదా దాని కేబుల్.
- ‘హార్డ్‌వేర్ ఎర్రర్’, ‘ఎంసీఈ’: ప్రాసెసర్, ర్యామ్ లేదా వేడి.
- ‘ఔట్ ఆఫ్ మెమరీ’: ర్యామ్ చెడలేదు, చాలలేదు. బ్రౌజర్‌లో ట్యాబులు తగ్గించండి.
- షట్‌డౌన్ వరసలు క్రమంగా ఉన్నాయి: ఎవరో ఆపారు, లేదా బ్యాటరీ అయిపోయి అదే ఆగింది.

ఎర్ర రంగులో ఏదో ఒక వరస కనిపించగానే కంగారు పడకండి. బాగున్న మిషన్‌లో కూడా ఎర్ర వరసలు పదో ఇరవయ్యో ఉంటాయి. ఆగిపోయిన నిమిషానికి దగ్గరున్నవే పట్టించుకోండి.

## 6. ర్యామ్ పరీక్ష

ఏ ప్రోగ్రామైనా కారణం లేకుండా మూసుకుపోతోందా? ఇన్‌స్టాల్ చేస్తుంటే ప్రతిసారీ వేరే వేరే చోట ఆగుతోందా? ముందు ర్యామ్‌ని అనుమానించండి.

ఆన్ చేయగానే మొదట నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్ పాత బయోస్ రకమైతే షిఫ్ట్, కొత్త యూఈఎఫ్ఐ రకమైతే ఎస్కేప్ నొక్కితే గ్రబ్ మెనూ (లినక్స్‌ని మొదలుపెట్టే మెనూ) వస్తుంది. అందులోనో, లైవ్ పెన్‌డ్రైవ్ మొదటి మెనూలోనో ‘మెమరీ టెస్ట్’ (మెమ్‌టెస్ట్) ఉంటుంది. మొదలుకాకపోతే బయోస్ సెట్టింగ్స్‌లో సెక్యూర్ బూట్ ఆపి చూడండి.

కనీసం ఒక పాస్ (ర్యామ్ మొత్తం మీద ఒక పూర్తి చుట్టు) పూర్తి కావాలి. 8 జీబీకి గంట అటూ ఇటూ, పాతవాటికి ఇంకా ఎక్కువ. రాత్రి పెట్టి పొద్దున చూడడం మేలు. ఇది డిస్క్ మీద ఏమీ రాయదు కాబట్టి మధ్యలో కరెంటు పోయినా నష్టం లేదు, మళ్లీ మొదటినుంచి పెట్టుకోవాలంతే.

ఒక్క ఎర్రర్ వచ్చినా తప్పే, ‘ఒకటేగా’ అనుకోకండి. వస్తే ఒక్కో కర్రనూ విడిగా, ఒకే స్లాట్‌లో పెట్టి మళ్లీ పరీక్షించండి. రెండు కర్రలకూ ఒకే స్లాట్‌లో ఎర్రర్లు వచ్చి, వేరే స్లాట్‌లో రాకపోతే చెడింది స్లాట్.

కొనేముందు ఏ రకమో తెలుసుకోండి:

> సుడో ఖాళీ డీ-ఎం-ఐ-డీ-ఈ-సీ-ఓ-డీ-ఈ ఖాళీ మైనస్ టీ ఖాళీ మెమరీ (ఎం-ఈ-ఎం-ఓ-ఆర్-వై)

డీడీఆర్3, డీడీఆర్4 గాట్లు వేరు, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి దిగదు. పాత ల్యాప్‌టాప్‌లకి ఇంకో మెలిక ఉంది. ఇంటెల్ నాలుగో తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లు 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ మాత్రమే తీసుకుంటాయి. 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3 చక్కగా దిగుతుంది, తెర మాత్రం రాదు. ‘ఎల్’ ఉందో లేదో స్టిక్కర్ మీద చూసి కొనండి.

## 7. డిస్క్

7.1 అన్నిటికన్నా ముందు ఫైళ్లు. డిస్క్ మీద అనుమానం వచ్చిన నిమిషంలో చేయాల్సింది పరీక్ష కాదు, కాపీ. లైవ్ పెన్‌డ్రైవ్‌తో తెరిచి ఫొటోలు, పట్టాల స్కాన్లు, సర్టిఫికెట్లు ఇంకో డిస్క్‌కి తీసుకోండి. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మీద మరమ్మతు ఆదేశాలు నడిపితే ఉన్నదీ పోతుంది.

7.2 ఆరోగ్యం చూడడం. మెనూలో ‘డిస్క్స్’ తెరిచి, ఎడమవైపు డిస్క్ ఎంచుకుని, మూడు చుక్కల్లో ‘స్మార్ట్ డేటా’ (డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్కలు) నొక్కండి. కొత్తరకం ఎన్‌వీఎంఈ డిస్క్‌లకు అక్కడ కనిపించకపోతే స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ప్యాకేజీ వేసుకుని టెర్మినల్‌లో చూడాలి:

> సుడో ఖాళీ ఎస్-ఎం-ఏ-ఆర్-టీ-సీ-టీ-ఎల్ ఖాళీ మైనస్ ఏ ఖాళీ స్లాష్ డీ-ఈ-వీ స్లాష్ ఎస్-డీ-ఏ

చివరి మూడక్షరాలు మీ డిస్క్ పేరు. పేరేమిటో ‘ఎల్-ఎస్-బీ-ఎల్-కే’ కొడితే తెలుస్తుంది. పెన్‌డ్రైవ్‌కీ ఇలాంటి పేరే ఉంటుంది, సైజు చూసి పోల్చుకోండి.

పొడుగాటి పట్టికలో మీకు కావాల్సినవి నాలుగు అంకెలే. టెర్మినల్‌లో అయితే చివరి నిలువు వరస, అంటే ‘రా’ విలువ, ‘డిస్క్స్’లో అయితే ‘వాల్యూ’ వరస చూడండి:

- 5 (మార్చిన సెక్టార్లు): సున్నా ఉండాలి. కొద్దిగా ఉండి నెలల తరబడి పెరగకపోతే ముఖ్యం కాని పనులకు నడపొచ్చు. పెరుగుతుంటే మార్చండి.
- 197 (అనుమానపు సెక్టార్లు): సున్నా కాకపోతే వెంటనే కాపీ.
- 198 (చదవలేనివి): సున్నా కాకపోతే కొత్త డిస్క్ కొనండి.
- 199 (కేబుల్ తప్పులు): పెరుగుతుంటే డిస్క్ కాదు, సాటా కేబుల్ మార్చండి.

ఈ 199వ అంకె చూడక మంచి డిస్క్‌లు చెత్తలోకి పోతున్నాయి. కేబుల్ మార్చినా పాత అంకె సున్నా కాదు. ఇవాళ ఎంతుందో రాసుకుని, వారం తర్వాత అంతే ఉంటే బాగైనట్టు.

ఎన్‌వీఎంఈ అయితే ‘పర్సెంటేజ్ యూజ్డ్’ 100కి దగ్గరపడిందా, ‘మీడియా అండ్ డేటా ఇంటెగ్రిటీ ఎర్రర్స్’ సున్నాయేనా అని చూడండి.

పైన ‘పాస్డ్’ అని ఉంది కదా అని నమ్మకండి. 197లో వందల అంకె ఉన్న డిస్క్ కూడా పాస్డ్ అంటుంది.

7.3 ‘ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్’ దగ్గర ఆగితే. లినక్స్ డిస్క్‌ని తెరవలేక, మొదలవుతూనే ఆగిపోయే తెర ఇది. కరెంటు టపీమని పోయే ఊళ్లలో పరిచయమున్నదే. నల్లతెర మీద కాస్త పైన, డిస్క్‌లోని ఏ విభాగానికి చేత్తో ఎఫ్ఎస్‌సీకే (విభాగాన్ని సరిచూసి మరమ్మతు చేసే ఆదేశం) నడపాలో అదే చెబుతుంది. ఉదాహరణకు ఎస్‌డీఏ2 అని ఉంటే:

> ఎఫ్-ఎస్-సీ-కే ఖాళీ మైనస్ వై ఖాళీ స్లాష్ డీ-ఈ-వీ స్లాష్ ఎస్-డీ-ఏ-2

పూర్తయ్యాక ‘ఆర్-ఈ-బీ-ఓ-ఓ-టీ’. కరెంటు పోయాక ఒకసారి వస్తే ఇది చాలు. కరెంటు పోకుండానే వారంలో రెండుసార్లు వస్తే ఎఫ్ఎస్‌సీకే మళ్లీ మళ్లీ కొట్టడం ఆపి, లైవ్‌లోకి వెళ్లి 7.1, 7.2 చేయండి. నడుస్తున్న లినక్స్‌లో, తెరిచి ఉన్న విభాగం మీద మాత్రం ఎఫ్ఎస్‌సీకే ఎన్నడూ నడపకండి.

7.4 డిస్క్ అసలు కనిపించకపోతే. ప్లగ్గు తీసి సాటా కేబుల్ రెండు చివర్లూ ఊడదీసి పెట్టండి. వేరే పోర్టు, వేరే కేబుల్, వేరే పవర్ కనెక్టర్, ఇదే వరసలో. బయోస్‌లోనూ కనిపించక, టక్ టక్ మని చప్పుడు చేస్తే ఇంకేం చేయకండి. ఆన్ చేసిన ప్రతిసారీ నష్టం పెరుగుతుంది. అందులోవి తప్పనిసరిగా కావాలంటే డేటా రికవరీ చేసేవాళ్లకే ఇవ్వాలి.

## 8. వేడి

> ఎస్-ఈ-ఎన్-ఎస్-ఓ-ఆర్-ఎస్

ఆదేశం లేదంటే ‘ఎల్ఎం సెన్సర్స్’ ప్యాకేజీ వేసుకోండి. ఊరికే ఉన్నప్పుడు 35 నుంచి 50 డిగ్రీలు, పని ఎక్కువున్నప్పుడు 80 లోపు ఉంటే బాగున్నట్టు. పది నిమిషాలు పెద్ద వీడియో నడిపి చూడండి. 90 దాటుతుంటే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో ‘లినక్స్ స్లో అయింది’ అనే మాటకు అర్థం చాలాసార్లు ఇదే.

శుభ్రం చేసేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితోనో పుల్లతోనో ఆపి పట్టుకుని, ఆ తర్వాతే బ్లోయర్ కొట్టండి. గిర్రున తిరగనిస్తే బేరింగు పోతుంది.

ప్రాసెసర్‌కీ, దాని మీదుండే లోహపు దిమ్మె హీట్‌సింక్‌కీ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ మార్చాలంటే:

1. కంప్యూటర్‌ని పది నిమిషాలు నడిపి ఆపండి. వెచ్చగా ఉంటే పాత పేస్ట్ వదులుతుంది.
2. ప్లగ్గు తీసి, హీట్‌సింక్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పి లేపండి. నిట్టనిలువుగా లాగితే ఏఎండీ మిషన్లలో ప్రాసెసర్ కూడా ఊడివచ్చి కాళ్లు వంగిపోతాయి.
3. ఐసోప్రొపైల్‌తో రెండు వైపులా తుడవండి.
4. బఠాణీ గింజంత పేస్ట్ మధ్యలో పెట్టండి. వేలితో పులమకండి.
5. ఇంటెల్ హీట్‌సింక్ నాలుగు పిన్నుల్నీ ఎదురెదురు మూలల వరసలో నొక్కండి. బోర్డు వెనక నుంచి నాలుగూ పూర్తిగా బయటికి వచ్చాయో చూడండి.

పేస్ట్ మార్చాక వేడి ఇంకా పెరిగిందంటే ఆ నాలుగు పిన్నుల్లో ఒకటి దిగలేదన్నమాటే.

## 9. వైఫై, తెర, సౌండ్, యూఎస్‌బీ

వైఫై. ఇది కొట్టండి:

> ఎల్-ఎస్-పీ-సీ-ఐ ఖాళీ మైనస్ కే

జాబితాలో ‘నెట్‌వర్క్ కంట్రోలర్’ ఉండి, దాని కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ వరస లేకపోతే కార్డు మంచిదే, డ్రైవర్ లేదు. ఫోన్‌ని డేటా కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఇంటర్నెట్ వచ్చేస్తుంది. అప్పుడు మెనూలో డ్రైవర్ మేనేజర్ (ఉబుంటులో ‘అడిషనల్ డ్రైవర్స్’) తెరవండి. బ్రాడ్‌కామ్ కార్డులకు ఇది ఎక్కువగా అవసరపడుతుంది.

డ్రైవర్ ఉన్నా పనిచేయకపోతే ‘ఆర్-ఎఫ్-కే-ఐ-ఎల్-ఎల్’ కొట్టండి. హార్డ్ బ్లాక్ అంటే ల్యాప్‌టాప్ పక్కనున్న స్విచ్చో ఎఫ్ఎన్ మీటో నొక్కాలి. సాఫ్ట్ బ్లాక్ అంటే మెనూలో ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆపితే చాలు. జాబితాలో కార్డే లేకపోతే అది వదులైంది, లేదా పోయింది.

లోగో తర్వాత నల్లతెర. గ్రబ్ మెనూలో మొదటి వరస మీద ‘ఈ’ నొక్కండి. ‘లినక్స్’ అని మొదలయ్యే వరస చివర ఒక ఖాళీ వదిలి ‘ఎన్-ఓ-ఎం-ఓ-డీ-ఈ-ఎస్-ఈ-టీ’ చేర్చి ఎఫ్10 నొక్కండి. తెర వస్తే గ్రాఫిక్స్ డ్రైవర్ సమస్య. డ్రైవర్ మేనేజర్‌లో సిఫారసు చేసింది వేయండి. మింట్ లైవ్‌లో ‘కంపాటిబిలిటీ మోడ్’ చేసేదీ ఇదే పని.

సౌండ్. సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ హెచ్‌డీఎంఐ మీద ఉండిపోయిందేమో చూడండి. చాలాసార్లు అంతే.

యూఎస్‌బీ. ‘సుడో ఖాళీ డీ-ఎం-ఈ-ఎస్-జీ ఖాళీ మైనస్ డబ్ల్యూ’ కొట్టి, అది నడుస్తుండగా పరికరాన్ని తగిలించండి. ఏ వరసా రాకపోతే పోర్టు లేదా కేబుల్ చచ్చింది. ‘ఎర్రర్ మైనస్ 71’, ‘మైనస్ 110’ వంటివి వస్తే డబ్బా వెనక పోర్టుకి, ఇంకో కేబుల్‌తో నేరుగా తగిలించి చూడండి. ముందు పోర్టుల లోపలి తీగ నాసిరకంగా ఉంటుంది.

## 10. షాపుకి వెళ్లేటప్పుడు

‘కంప్యూటర్ ఖరాప్’ అని మొదలుపెడితే చాలా షాపుల్లో ముందు వచ్చే మాట ఫార్మాట్. ‘మెమ్‌టెస్ట్‌లో ఈ కర్రకి ఎర్రర్లు వచ్చాయి’, ‘197 అంకె 40 ఉంది’ అని తెర ఫొటో చూపిస్తే మాట మారుతుంది. బరంపురం, పర్లాకిమిడి బజార్లలో తెలుగు నడుస్తుంది. రాని చోట కూడా ర్యామ్, ఎస్ఎంపీఎస్, సాటా కేబుల్ ఒడియాలోనూ అవే మాటలు.

వెంట ఉండాల్సినవి:

- చెడిన పార్టు (కొత్తదాన్ని పక్కన పెట్టి గాట్లు, పిన్నులు పోల్చడానికి)
- మెమ్‌టెస్ట్, స్మార్ట్, లాగ్ తెరల ఫొటోలు
- మదర్‌బోర్డు లేదా ల్యాప్‌టాప్ మోడల్ పేరు
- పాత బిల్లు, వారంటీ ఉంటే
- లైవ్ పెన్‌డ్రైవ్

మిషన్ మొత్తం అప్పగించాల్సి వస్తే డిస్క్ ఊడదీసి ఇంట్లో ఉంచండి. తప్పు డిస్క్‌ది కానప్పుడు దానితో వాళ్లకు పని లేదు. లైవ్ పెన్‌డ్రైవ్‌తోనే పరీక్షించమనండి. సెకండ్‌హ్యాండ్ ర్యామ్ కొంటుంటే ఏదో ఒక మిషన్‌లో పెట్టించి మెమ్‌టెస్ట్ కనీసం పావుగంట నడిపించండి. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి. వేరే రాష్ట్రంలో, విశాఖలో కొన్నదాన్ని వారంటీలో మార్చుకోవడానికి మళ్లీ అక్కడికే వెళ్లాల్సి రావచ్చు. ఆ కంపెనీ సర్వీసు సెంటరు బరంపురంలో ఉందో లేదో డబ్బు కట్టకముందే అడగండి.